కఫపరీక్షా ఫలితమును తెలిసికొనుట

క్షయరోగమునకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొంటినని 1882వ సంవత్సరమున రాబర్టు కాక్ అను జర్మను వైద్యుడు ప్రకటించెను. నేడు కఫములో ఆ జీవి జన్యుపదార్థమును వెదకు యంత్రము సుమారు 2 గంటలలో ఫలితమును చూపును. జీవిని పెంచి చూచు పరీక్షకు వారములు పట్టును. అయినను ఆ ఫలితము రోగికి చేరనిచో ప్రయోజనమేమి?

కావున మేము చెప్పునదేమన, కఫమిచ్చిన దినముననే ఫలితమెప్పుడు వచ్చును, ఎవరు తెలుపుదురు అని యడిగి వ్రాసికొనవలెను. కబురు రాకుండుటచే రోగము లేదని తలంపరాదు. చీటిలో నెగటివ్ అని యున్నను, దగ్గు తగ్గనిచో మరల వైద్యుని చూడవలెను. పాజిటివ్ అని యున్నచో దాచరాదు. మందులు క్రమముగా పూర్తిచేసిన క్షయ సాధారణముగా కుదురును.

బాలబాలికలారా, చదువురాని పెద్దలకు ఆ చీటిని మీరు చదివి వినిపింపుడని మా మనవి. అర్థము మాత్రము వైద్యునే యడుగుడు.