వార్తల్లో పదం: కోలిక్

కడుపునిండా పాలు తాగిన పసిబిడ్డ సాయంత్రమయ్యేసరికి పిడికిళ్లు బిగించి, కాళ్లు పొట్టకేసి ముడుచుకుని, గుక్కపట్టి ఏడుస్తుంది. ఎత్తుకున్నా ఊరుకోదు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఇలా రోజుల తరబడి ఏడిస్తే దాన్ని కోలిక్ అంటారు. రోజుకు 3 గంటలు, వారానికి 3 రోజులు, 3 వారాలు దాటితే కోలిక్ అని 1954లో అమెరికా వైద్యుడు వెసెల్ బృందం కొలత పెట్టింది. ఆరో వారానికి ముదిరి, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గుతుంది. దీనికి బాలింత తిండిని ఆడిపోసుకోవడం అన్యాయం.

పాలు పడకపోవడం వేరు. విరేచనంలో నెత్తుటి చారలు, జిగురు, పదేపదే వాంతులు, ఒంటిమీద దద్దుర్లు, బరువు పెరగకపోవడం ఉంటే ఆవుపాల ప్రొటీన్ అలర్జీని అనుమానించాలి. తల్లిపాలు మాన్పించనక్కర్లేదు. డాక్టరు సలహాతో తల్లే 2 నుంచి 4 వారాలు పాలు, పెరుగు, మజ్జిగ, పాలకోవా మానేసి, క్యాల్షియం మాత్రలు వేసుకోవాలి. తర్వాత మళ్లీ మొదలుపెట్టినప్పుడు లక్షణాలు తిరగబెడితేనే నిర్ధారణ. గేదెపాలు, మేకపాలు దీనికి విరుగుడు కావు. వాటి ప్రొటీన్లూ ఇంచుమించు అలాంటివే. ఇక కోలిక్‌కు గ్రైప్ వాటర్ మేలు చేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు.

జ్వరం, ఆకుపచ్చ వాంతి, పాలు తాగకపోవడం ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏడుపుకు ఓపిక నశిస్తే బిడ్డను ఎప్పుడూ కుదపకండి. వెల్లకిలా పడుకోబెట్టి, ఇంట్లో ఇంకొకరిని పిలవండి.