తడిసినా చెరగని లెక్కలు

తుఫాను వెలిశాక హంసలదీవి చుట్టుపక్కల రొయ్యల చెరువుల షెడ్లలోనూ, గుడివాడ బియ్యం మిల్లుల్లోనూ ముద్దయిన ఫైళ్లు బయటపడతాయి. ‘ఎలాగూ పాడైపోయాయి, పారేద్దాం’ అనిపిస్తుంది. కానీ పాడవడం వేరు, చదవడానికి వీల్లేకుండా పోవడం వేరు.

కాగితమంటే సెల్యులోజ్ నారల అల్లిక. ఆ నారలను పట్టి ఉంచేవి ముఖ్యంగా హైడ్రోజన్ బంధాలు. నీళ్లు వాటిని సడలిస్తాయి కానీ, గట్టిగా చిలికితే తప్ప నారలు విడిపోయి గుజ్జు కాదు. ఇంకుపెన్ను రాత అలుక్కుపోవచ్చు. బాల్‌పెన్ను సిరా నూనెది, అంత తేలిగ్గా పోదు. లేజర్ ప్రింటు మరీ మొండిది: వేడికి కరిగి నారలకు అతుక్కున్న ప్లాస్టిక్ పొడి అది. ఆరబెడితే రైతు పేరు, ఖాతా నంబరు, ఆధార్ జిరాక్సు మళ్లీ కళ్లబడతాయి. పాత కాగితాలవాడి చేతిలో పడితే బజ్జీల పొట్లంగానూ తిరుగుతాయి.

చించడంలోనూ తేడా ఉంది. 1979లో టెహ్రాన్‌లోని అమెరికా ఎంబసీలో యంత్రం పీలికలు చేసిన పత్రాలను ఇరానీయులు ఓపికగా పక్కపక్కన పేర్చి చదివేశారు. కాబట్టి ముక్క సైజు ముఖ్యం: కాగితాలు చించడానికి ఇప్పుడున్న అంతర్జాతీయ ప్రమాణంలో పీ-4 అనే భద్రతా స్థాయికి ముక్క 160 చదరపు మిల్లీమీటర్లు దాటకూడదు, పీ-5కి 30.

ఇంతకీ వేటిని చించాలి? నా లెక్కలో రహస్యమా కాదా అన్నది రెండో ప్రశ్న; గడువు తీరిందా అన్నదే మొదటిది. జీఎస్టీ లెక్కలకు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. కంపెనీల ఖాతా పుస్తకాలకు 8 ఆర్థిక సంవత్సరాలు; మినిట్స్ మాత్రం శాశ్వతం. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. బోర్డు మారినా పాత లెడ్జర్ల గడువు మారదు: రకాన్నిబట్టి కనీసం 5 ఏళ్లో 8 ఏళ్లో ఉంచాలన్నది బ్యాంకులకు 1985 నాటి నిబంధన.

కేసో, అప్పీలో నడుస్తుంటే ఏదీ ముట్టుకోకూడదు. సాక్ష్యం కాకుండా చేయాలని పత్రాన్ని మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షను కింద నేరం.

గడువు తీరిన కాటా చీటీలు, కూలీల చెల్లింపుల పట్టీలు, గుర్తింపు కార్డుల నకళ్లు నిస్సందేహంగా యంత్రంలోకే. ఏది, ఎప్పుడు, ఎవరెదుట ముక్కలైందో రిజిస్టరులో ఒక వరుస రాసుకోవాలి. గుమస్తా ఫోన్లో వాటి ఫొటోలున్నాయేమో కూడా అప్పుడే అడగాలి.