తాళంచెవి పోతే... తొందరపడి వేలు పోయొద్దు!
రిమోటు, చిప్పు, ఇనుప ముక్క దేనికదే విడిగా చేయించుకోవచ్చు

నరికుడి: పెళ్లికో సంతకో వెళ్తాం. తిరిగొచ్చేసరికి జేబులో కారు తాళంచెవి ఉండదు. వెతికి వెతికి షోరూముకు ఫోను చేస్తే ‘మొత్తం సెట్టు మార్చాలి’ అంటారు. చెప్పే ధర వింటే గుండె గుభేలుమంటుంది. నరికుడి లాంటి ఊళ్లలో ఇంకో తిప్పలు కూడా ఉంది. షోరూము కావాలంటే విరుదునగరో మదురైయో పోవాలి. కదలని బండిని అక్కడిదాకా లాగించుకెళ్లే ఖర్చు అదనం. బాడుగ బండయితే ఆ రెండు రోజుల రాబడీ గల్లంతే.

నిజానికి చాలాసార్లు అంత పెట్టాల్సిన పని లేదు. పోయింది ఏమిటో, మిగిలింది ఏమిటో ముందు చూసుకుంటే చాలు.

ఒకటి కాదు, మూడు

తమిళంలో ‘సావి’ అంటారు. అది పోర్చుగీసు వాళ్లు తెచ్చిన మాట. పేరు ఏదైనా, ఇప్పటి రిమోటు తాళంచెవిలో ఉన్నవి మూడు వేర్వేరు వస్తువులు. తలుపు తీసి ఇంజను తాళం తిప్పే ఇనుప ముక్క ఒకటి. బటన్లుండే రిమోటు ఇంకోటి. మూడోది బయటికి కనిపించని చిన్న చిప్పు. అసలు పెత్తనమంతా దానిదే.

ఈ చిప్పుకు బ్యాటరీ అక్కర్లేదు. ఇంజను తాళం చుట్టూ ఉండే తీగచుట్ట నుంచే దానికి కరెంటు అందుతుంది. వెంటనే అది తన రహస్య సంకేతం చెబుతుంది. కారులోని కంప్యూటరు దాన్ని గుర్తుపడితేనే ఇంజను నడుస్తుంది. లేదంటే స్టార్టు కాదు, అయినా వెంటనే ఆగిపోతుంది. దీన్నే ఇమ్మొబిలైజర్ అంటారు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి అయ్యింది. మన దగ్గర మారుతి కార్లలో ‘ఐక్యాట్స్’ పేరుతో వచ్చింది. రోడ్డు పక్క దుకాణంలో కోయించిన తాళంచెవి తలుపు తీసినా ఇంజనును కదిలించలేకపోవడానికి కారణం ఇదే. పాత అంబాసిడర్ లాంటి బండ్లకు ఈ బెడద లేదు. ఇనుప ముక్క కోయిస్తే పనైపోతుంది.

రెండోది ఇంట్లో ఉందా?

ఉంటే సగం గండం గట్టెక్కినట్టే. అప్పుడు రిమోటు లేకుండా చిప్పున్న మామూలు తాళంచెవి ఒక్కటి చేయించుకోండి. బటను నొక్కే సుఖం ఉండదు, చేత్తో తిప్పి తలుపు తీయాలి, అంతే తేడా. ఖర్చు మాత్రం బాగా తగ్గుతుంది. చాలా పాత కార్లలో సెంట్రల్ లాక్ రిమోటు బయట బిగించుకున్నదే. అది పోతే ఆ కిట్టు రిమోటు ఒక్కటే కొని జత చేయించుకోవాలి. తాళంచెవి జోలికి వెళ్లనే అక్కర్లేదు.

చిప్పు తాళంచెవి చేయడంలోనూ రెండు పద్ధతులున్నాయి. ఉన్నదాని సంకేతాన్నే కొత్త చిప్పులోకి నకలు తీయడం చౌక. కొత్త చిప్పును కారు కంప్యూటరుకు పరిచయం చేయడానికి ఖర్చు కాస్త ఎక్కువ. తాళంచెవి బావిలోనో చెరువులోనో పడిపోతే నకలు చాలు. ఆర్సీ, ఇంటి చిరునామా ఉన్న సంచితో సహా పోతే మాత్రం నకలుతో సరిపెట్టుకోవద్దు. రెండో పద్ధతిలో చేయించి, పోయినదాన్ని కంప్యూటరు జ్ఞాపకం నుంచి చెరిపేయమనండి. అప్పుడు దొరికినవాడు తలుపు తీయగలడేమో గానీ బండిని తోలుకుపోలేడు.

రెండూ పోతేనే అసలు ఖర్చు. మెకానిక్కు మిషను పట్టుకుని బండి ఉన్నచోటికే రావాలి, లేదా బండినే తీసుకెళ్లాలి. ఒక్క తాళంచెవితోనే నెట్టుకొస్తున్నవాళ్లు అది చేతిలో ఉండగానే రెండోది చేయించుకోవడం మంచిది. ఇప్పుడయితే చిన్న పని, పోయాకైతే పెద్ద పని.

పోలేదు, పాడైందంతే

రిమోటు పనిచేయకపోతే ముందు బ్యాటరీ మార్చి చూడండి. ఎక్కువ రిమోట్లకు సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ సరిపోతుంది. వాచీల దుకాణంలోనూ దొరుకుతుంది. పైన డబ్బా పగిలితే ఖాళీ డబ్బా కొని లోపలి బోర్డు, చిప్పు అందులోకి మార్చించుకోవచ్చు. పాత డబ్బాలోనే చిప్పు వదిలేసి పారేసేవాళ్లుంటారు, జాగ్రత్త. రామేశ్వరంలో తాళంచెవి జేబులో పెట్టుకునే సముద్రంలో మునిగితే వెంటనే బ్యాటరీ తీసి, మంచినీళ్లతో కడిగి బాగా ఆరనివ్వాలి. ఉప్పు బోర్డును తినేస్తుంది.

బటను నొక్కి స్టార్టు చేసే కార్ల వాళ్లకు ఇంకో మాట. బ్యాటరీ అయిపోయినా లారీ పిలవాల్సిన పని లేదు. రిమోటు పక్కన దాగివున్న ఇనుప ముక్క లాగి తలుపు తీయొచ్చు. రిమోటును స్టార్టు బటనుకు ఆనించి నొక్కితే చాలా కార్లలో ఇంజను అందుకుంటుంది. కారు పుస్తకంలో ఇదంతా రాసే ఉంటుంది, చదివే ఓపిక మనకుండదు.

ఆన్‌లైన్లో చౌకగా కనిపించిందని ముందే రిమోటు కొనేయొద్దు. చిప్పు రకం, తరంగం మీ కారుకు కలవకపోతే అది బొమ్మే. వేరే కారుకు వాడినవి చాలావాటిని మళ్లీ కొత్త కారుకు జత చేయడం కుదరదు. చేసేవాణ్ని ముందు అడిగి, పనిచేశాకే డబ్బులని బేరం మాట్లాడుకోండి. ఆర్సీ అడగకుండా చిప్పు తాళంచెవి చేసిచ్చేవాడి దగ్గరికి అసలే వెళ్లొద్దు. మీ కారుకూ అలాగే ఇంకొకడికి చేసిస్తాడు.

ఫిర్యాదు ఎందుకంటే...

తాళంచెవికి కూడా పోలీసు స్టేషనా అనుకోవద్దు. రాసిచ్చి సీఎస్ఆర్ రసీదు తీసుకోండి. రేపు కారు దొంగతనమైతే బీమా కంపెనీ రెండు తాళంచెవులూ చూపించమంటుంది. ఒకటే ఉంటే, రెండోది ఏమైందో చెప్పడానికి ఆ కాగితమే ఆధారం. మామూలు పాలసీలో తాళంచెవి పోయిన ఖర్చు రాదు. ‘కీ రీప్లేస్‌మెంట్’ అని అదనపు కవరు విడిగా తీసుకోవాలి. థర్డ్‌పార్టీ ఒక్కటే కట్టేవాళ్లకు అది కుదరదు.

కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు సెకండ్‌హ్యాండ్ కారు బేరం చేసేవాళ్లు టైర్లు తట్టి చూడటంతో ఆగకుండా రెండో తాళంచెవి అడగాలి. లేదంటే చేయించుకునే ఖర్చు ధరలో తగ్గించమనాలి. కొత్త కారుతోపాటు తాళాల గుత్తికి చిన్న బిళ్ల మీద నెంబరు వస్తుంటుంది, అది ఉందేమో అడగండి. ఆ నెంబరుతో షోరూము కొత్త ఇనుప ముక్క తెప్పించగలదు. ఆ బిళ్లను గుత్తికే ఉంచకుండా విప్పి బీరువాలో పెట్టుకోండి.