చిరకాలము నిలుచు కఱ్ఱకంచె

తోట వేయుట యొక యెత్తు, వేసిన తోటను కాపాడుకొనుట మఱియొక యెత్తు. రామగుండము, గోదావరిఖని ప్రాంతములలో ఇంటివెనుక నాలుగు వంగమొక్కలు, ఒక చిక్కుడుపాదు పెట్టుకొనిన ప్రతి గృహస్థునకు ఇది తెలిసినదే. కంచెలో ఒక్క రాట ఒరిగినను చాలును. మూడు నెలల కష్టము ఒక్క పూటలో మేకల పాలగును. కావున కంచె ఏల పడిపోవునో, మరల కట్టునప్పుడు ఏమి చేసిన ఎక్కువకాలము నిలుచునో ఇచ్చట వివరింపదలచితిమి.

ఒరిగిన రాటను పెఱికి చూడుడు. పైభాగము గట్టిగానే యుండును. చెదలు పట్టనిచో అడుగుకొనయు తఱచుగా గట్టిగానే యుండును. నేలమట్టమున జానెడు మేర మాత్రము పుచ్చి, గోటితో గిల్లిన పొడియై రాలును. కారణమేమి? కఱ్ఱను పుచ్చజేయునది శిలీంధ్రము. దానికి నీరును గాలియు రెండును కావలయును. పైభాగమున గాలి కలదు, తడి నిలువదు. లోతున తడి కలదు, గాలి చాలదు. నేలమట్టమున రెండును కలియును. ఇటలీ దేశమందలి వెనిస్ నగరమున భవనముల క్రింద దిగగొట్టిన దుంగలు వందల యేండ్లు నిలుచుటకు, నీటిలోను బురదలోను గాలి చాలకుండుటయే ముఖ్యకారణము.

మన ప్రాంతపు ఎండలు ఈ కీడును హెచ్చించుచున్నవి. వేసవిలో 45 డిగ్రీల వేడికి కఱ్ఱ పగుళ్లు వాఱును. జూన్ నెలలో వానలు రాగానే ఆ పగుళ్లలో నీరు చేరును. చెదలును నేలనుండియే ఎక్కును.

అందుచేత మొదటి సూత్రమిది: కఱ్ఱను నేలకు తగులనీయరాదు. రాతికడీ ముక్కను రెండడుగుల లోతున పాతి, నేలపై అడుగున్నర నిలిపి, ముందే వేయించిన తూట్లగుండ కఱ్ఱరాటను రెండు బోల్టులతో దానికి బిగింపవలయును. రాటకును నేలకును నడుమ మూడంగుళముల సందుండవలయును. అప్పుడు చెదలు రాతిమీదుగా మట్టిగొట్టములు కట్టి ఎక్కవలసియుండును గాన మన కంటబడును, చీపురుతో రాల్చివేయవచ్చును.

రాయి దొరకనిచో గోతి అడుగున కంకర పోసి రాటను నిలిపి, చుట్టును మట్టిని దిమ్మిసకొట్టి, నీరు వెలుపలికి జాఱునట్లు వాలుగా తీర్చవలయును. సిమెంటు వేసినను పైభాగము వాలుగానే యుండవలయును. గిన్నెవలె గుంటపడినచో అదియే నీటితొట్టి యగును.

రెండవది, కఱ్ఱ నెంచుకొనుట. లోపలి ముదురుభాగమగు చేవయే నిలుచును. చుట్టునుండు లేతకఱ్ఱ త్వరగా పుచ్చును. కావున లావును మాత్రమే చూడక చేవను చూడవలయును. టేకుచేవ శ్రేష్ఠము. రాటతలను ఏటవాలుగా కోయవలయును. ఏలయన, కోసిన కొన ప్రక్కభాగముకంటె మిక్కిలి త్వరగా నీటిని పీల్చును. పలకల అడుగుకొనలును నేలకు తగులరాదు.

బొగ్గునుండి తీసిన క్రియోసోటు తైలమును కఱ్ఱకు పట్టించు పద్ధతికి ఇంగ్లండులో జాన్ బెథెల్ అనునాతడు 1838లో పేటెంటు పొందెను. రైలుపట్టాల క్రింది కఱ్ఱదిమ్మలకు అది మిక్కిలి ఉపయోగపడినది. అయినను అది చర్మమునకు హానికరము, క్యాన్సరు కలిగింపగలది. కూరగాయల తోటలో వాడరాదు. వాడివేసిన ఇంజను నూనెయు అట్టిదే. అది మట్టిని పాడుచేయును.

కఱ్ఱ విలువ గని కుటుంబములకు క్రొత్తగా చెప్పవలసినది కాదు. సింగరేణి భూగర్భగనులలో పైకప్పు కూలకుండ పూర్వము కఱ్ఱదుంగలే ఊతగా నిలిచెడివి. తరువాత ఆ పనిని చాలవఱకు ఇనుము చేపట్టినది. పదియేండ్లు నిలువదగిన రాట మూడేండ్లకే పుచ్చినచో, దాని స్థానమున నిలుపుటకు అడవిలో మఱియొక చెట్టు కూలవలసినదే. కావున విద్యార్థులారా, ఈ వేసవి సెలవులలో వానలు రాకమునుపే మీ ఇంటి కంచెరాటల మొదళ్లను మేకుతో పొడిచి చూడుడు. మేకు సులభముగా దిగిన చోటనే పని ఆరంభింపుడు.