కట్టు విప్పిన తరువాత



మన సీమలో పుత్తూరు కట్టు పేరు వినని వాళ్ళు ఉండరు. చెట్టు మీది నుంచి పడి చెయ్యి విరిగినా, బండి తగిలి కాలు విరిగినా పెద్దవాళ్ళు ముందుగా అనే మాట, "కట్టు కట్టించాలి" అని. కొన్ని వారాలకు కట్టు విప్పుతారు. విప్పగానే ఆ కాలితో పరుగెత్తవచ్చునా? పరుగు మాట అటుంచి, నిలబడటమే కష్టం. కాలు సన్నబడి ఉంటుంది. మోకాలు వంగనని మొరాయిస్తుంది. అప్పుడు డాక్టరు, "రోజూ ఇట్లా వంచు, అట్లా చాచు, పది అడుగులు నడువు" అని చెబుతాడు. దీనినే ఫిజియోథెరపీ అంటారు. అనగా కదలికతో, మర్దనతో, వేడితో, చల్లదనంతో చేసే చికిత్స.

మనిషికైతే చెప్పవచ్చు, అతను వింటాడు. మరి కాలు విరిగిన కుక్కకు ఎవరు చెప్పాలి? చెప్పినా అది ఎట్లా వింటుంది? ఈ సంగతి తెలుసుకుందాం.

రెండు కుక్కలు

మా ముదిగుబ్బ అనంతపురం నుంచి కదిరి పోయే పెద్దరోడ్డు మీద ఉన్నది. రాత్రింబగళ్ళు లారీలు పోతూనే ఉంటాయి. గొర్రెల మందలు ఆ రోడ్డు దాటి మేతకు పోతాయి. మంద వెంట కుక్క ఉంటుంది. గొర్రెలన్నీ దాటాక తాను చివర దాటే ఆ కుక్కకే ప్రమాదం ఎక్కువ.

అట్లా దెబ్బ తిన్న రెండు కుక్కలను నేను ఎరుగుదును. మొదటిది నాలుగు నెలల పిల్ల. దాని వెనక కాలి తొడ ఎముక విరిగింది. యజమాని దానిని ప్రాణంతో సమానంగా చూసుకునేవాడు. వెదురుబద్దలు పెట్టి, కాలు చాచి, గట్టిగా కట్టాడు. కదిలితే నొప్పి పుడుతుందని గంప కిందనే ఉంచి, తిండీ నీళ్ళూ అక్కడికే తెచ్చి పెట్టాడు. నెలన్నర గడిచాక కట్టు విప్పాడు. ఎముక అతుక్కున్నది. కాని మోకాలు వంగలేదు! కాలు కర్ర మాదిరి నిటారుగా ఉండిపోయింది.

ఎందుచేత? తొడ ముందు భాగాన ఉండే కండ ఎముకకు అంటుకుపోయి బిగిసిపోయింది. పశువైద్యులకు ఇది బాగా తెలిసిన విషయమే. ఎదిగే కుక్కపిల్లకు తొడ ఎముక విరిగినప్పుడు కాలిని చాచి ఎక్కువకాలం కట్టి ఉంచితే ఇట్లా జరుగుతుంది. ఒకసారి బిగిసిందంటే దానిని సడలించటం బహు కష్టం. ఆ కుక్క మూడు కాళ్ళ మీద గెంతుతూ ఇంటి దగ్గరే ఉండిపోయింది. మళ్ళీ మంద వెంట పోలేదు.

రెండవ కుక్కకు కూడా దెబ్బ అక్కడే తగిలింది. దానిని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు ఎక్స్‌రే తీసి, ఎముక లోపల ఉక్కు కడ్డీ పెట్టి ఆపరేషను చేశాడు. "నా పని సగమే. మిగతా సగం మీ ఇంట్లో జరగాలి" అని చెప్పి పంపాడు. ఆ సగం పని చేసింది ఆ ఇంటి అమ్మాయి, ఏడవ తరగతి పిల్ల. ఆమె ఏం చేసిందో చెప్పేముందు, ఎందుకు చేయవలసి వచ్చిందో చెబుతాను.

విశ్రాంతి ఎక్కువైతే

దెబ్బ తగిలిన చోటికి విశ్రాంతి కావాలి. అందులో సందేహం లేదు. కాని విశ్రాంతి కూడా మందువంటిదే; మోతాదు మించితే చెరుపు చేస్తుంది.

పని చెయ్యని కండ రోజురోజుకూ కరిగిపోతుంది. కీలు సంగతి ఇంకా చిత్రమైనది. కీలులో రెండు ఎముకలు కలిసేచోట వాటి కొనలమీద మృదులాస్థి అనే నున్నని పొర ఉంటుంది. దానికి రక్తనాళాలు లేవు. మరి దానికి ఆహారం ఎట్లా అందుతుంది? కీలు లోపల జిగటగా ఒక ద్రవం ఉంటుంది. మీరు పలక తుడిచే తడిగుడ్డను నొక్కితే నీరు బయటికి వస్తుంది, వదిలితే మళ్ళీ పీల్చుకుంటుంది గదా! అట్లాగే కాలు కదిలి బరువు పడినప్పుడల్లా ఆ పొర ద్రవాన్ని వదులుతూ, పీలుస్తూ ఆహారం తీసుకుంటుంది. పైగా ఆ ద్రవం బండి ఇరుసుకు కందెన మాదిరి పనిచేస్తుంది. కదలిక లేదంటే కీలుకు తిండీ లేదు, కందెనా లేదన్నమాట.

మనుషుల విషయంలోనే ఈ సత్యాన్ని ఒప్పుకోవటానికి చాలాకాలం పట్టింది. ఎలిజబెత్ కెన్నీ అనే నర్సు 1911లో ఆస్ట్రేలియా పల్లెలలో పోలియో వచ్చిన పిల్లలకు సేవ చేసింది. పోలియో సోకిన కాళ్ళను బద్దలు వేసి కదలకుండా కట్టటం ఆ కాలపు పద్ధతి. ఆమె అట్లా చెయ్యక, ఉన్నిగుడ్డలను వేడినీళ్ళలో ముంచి పిండి కాపడం పెట్టి, పిల్లల కాళ్ళను మెల్లమెల్లగా కదిలించింది. ఎందరో డాక్టర్లు ఆమెను చాలా ఏళ్ళు ఆక్షేపించారు. తరువాత 1940లో ఆమె అమెరికా వెళ్ళింది. 1942లో మినియాపొలిస్ నగరంలో ఆమె పేరిట ఒక చికిత్సాలయమే వెలిసింది.

మనుషులకు పనికివచ్చిన ఈ విద్యను తరువాత పందెపు గుర్రాలకూ, కుక్కలకూ ఉపయోగించసాగారు. అమెరికాలో 2010లో దీనిని పశువైద్యంలో ఒక ప్రత్యేక శాఖగా గుర్తించారు.

ఆ అమ్మాయి చేసిన పని

మొదటి మూడు రోజులు చల్లదనం. మంచుగడ్డను గుడ్డలో చుట్టి, గాయం తడవకుండా వాపు చుట్టూ పది నిమిషాలు ఉంచేది. చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకుని వాపూ నొప్పీ తగ్గుతాయి. వాపు తీసిన తరువాత కాపడం. గుడ్డ వేడి ఎంత ఉన్నదో ముందు తన మణికట్టు లోపలి వైపున ఆనించి చూసుకునేది. వేడికి రక్తం బాగా ప్రసరించి, బిగిసిన కండ సడలుతుంది.

తరువాత కదలిక. కుక్కను బాగున్న పక్కమీద పడుకోబెట్టి, దెబ్బ తగిలిన కాలి కింద రెండు చేతులూ ఆనించి, ఒక్కొక్క కీలునూ మెల్లగా వంచి, మెల్లగా చాచేది. పది పదిహేను సార్లు. రోజుకు మూడు పూటలు. ఎంతవరకు వంచాలి? ఆ మాట కుక్కే చెబుతుంది! అది తల తిప్పి చేతివంక చూసినా, పెదవులు నాకినా, కాలు లాక్కున్నా అక్కడ ఆగాలి. మూలిగేదాకా ఉండరాదు.

పిమ్మట నిలబడటం. కుక్క పొట్ట కింద తువ్వాలు వేసి రెండు కొసలూ పైకి పట్టుకుంటే, వెనక కాళ్ళమీద పడే భారం తగ్గుతుంది. అట్లా నిలబెట్టి అటూ ఇటూ కొంచెంగా ఊపితే దెబ్బ తగిలిన కాలు కూడా నేలకు ఆనుతుంది. వాళ్ళ ఇంట్లో పరిచినవి కడప బండలు. ఆ నున్నని బండలమీద కుక్క కాళ్ళు జారతాయి గనుక గోనెసంచులు పరిచింది.

ఆ తరువాత నడక. మొదట అయిదు నిమిషాలు, వారం వారం కొంచెం ఎక్కువ. మెడకు తాడు కట్టి చాలా నిదానంగా నడిపించాలి. ఎందుకో తెలుసా? పరుగెత్తే కుక్క నొప్పి కాలిని ఎత్తిపెట్టి మూడు కాళ్ళమీద పోగలదు. నిదానంగా నడిస్తే నాలుగు కాళ్ళూ వరుసగా నేల మీద పెట్టక తప్పదు. "నిదానమే ప్రధానం" అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం.

చివరగా కర్రలు. నేలమీద అడుగుకొకటి చొప్పున కందికట్టెలు పరిచి వాటి మీదుగా నడిపిస్తే, కుక్క ప్రతి కాలునూ ఎత్తి ఎత్తి వెయ్యాలి. కీళ్ళన్నీ వంగుతాయి. మరొక వ్యాయామం "కూర్చో, లే" అనటం. మీరు బడిలో తీసే గుంజీళ్ళే! అయితే కుక్కకు ఇది శిక్ష కాదు. లేచినప్పుడల్లా ఒక రొట్టెముక్క దొరుకుతుంది. "చెప్పినా ఎట్లా వింటుంది?" అన్నాం గదా! ఇట్లాగే వింటుంది.

ఆ అమ్మాయి మరొక తెలివైన పని చేసింది. ప్రతి ఆదివారమూ ఒక దారంతో కుక్క తొడ చుట్టుకొలత తీసి, దారాన్ని అంతవరకు కత్తిరించి గోడకు వేలాడదీసింది. ఒక్కొక్క వారమే దారం కొంచెం కొంచెం పొడుగైంది. కరిగిపోయిన కండ తిరిగి వస్తున్నదని దానివల్ల ఇంట్లో అందరికీ తెలిసింది. డాక్టర్లు కూడా టేపుతో ఇట్లాగే కొలుస్తారు. మూడవ నెల గడిచాక డాక్టరు ఎక్స్‌రే చూసి సరేనన్నాడు. ఆ కుక్క మళ్ళీ మంద వెంట పోయింది.

నీళ్ళలో నడక

మీరు బావిలో కడవ ముంచి తోడారా? కడవ నీళ్ళలో ఉన్నంతసేపూ తేలిక. నీళ్ళపైకి రాగానే బరువు. నీరు వస్తువును పైకి నెట్టటమే దీనికి కారణం. ఆర్కిమిడీస్ కనిపెట్టిన సూత్రం ఇదే.

ఈ సూత్రాన్ని కుక్కలకు ఉపయోగించి చూడండి. నిలబడి ఉన్న కుక్క బరువులో నూటికి 60 వంతులు ముందుకాళ్ళు మోస్తాయి, 40 వంతులు వెనకకాళ్ళు మోస్తాయి. 20 కిలోల కుక్క అయితే ఒక్కొక్క వెనక కాలి మీద 4 కిలోల బరువన్నమాట. ఇప్పుడు దానిని తుంటి దాకా నీళ్ళలో నిలబెడితే నాలుగు కాళ్ళమీద కలిపి పడే బరువు నూటికి 38 వంతులే. 20 కిలోల కుక్క ఏడున్నర కిలోల కుక్క అయిపోయినట్లే! నీళ్ళు మోకాలి దాకానే ఉంటే 85 వంతులు. అంటే నీటిమట్టం పెంచీ తగ్గించీ బరువును కావలసినట్లు సర్దవచ్చు. పెద్ద చికిత్సాలయాలలో అద్దపు తొట్టిలో, నీళ్ళ అడుగున కదిలే పట్టా ఉంటుంది. కుక్క దానిమీద నడుస్తుంది. గాయం పూర్తిగా మానక ముందు మాత్రం కుక్కను నీళ్ళలో దించకూడదు.

వెన్ను దెబ్బతిని వెనకకాళ్ళు పడిపోయిన కుక్కలూ ఉంటాయి. వాటిలో కొన్ని నెలల తరబడి సేవతో లేచి నడుస్తాయి. నడవలేని వాటికి నడుము కింద రెండు చక్రాల చిన్న బండి అమర్చుతారు. ముందుకాళ్ళతో ఆ బండిని లాక్కుంటూ అవి చక్కగా తిరుగుతాయి. అటువంటి కుక్కను కొన్ని గంటలకొకసారి పక్క మార్చి పడుకోబెట్టాలి. లేకపోతే పుండ్లు పడతాయి.

మన దగ్గర

మా జిల్లాలోని పుట్టపర్తిలో కరుణా సొసైటీ అనే సంస్థ ఉన్నది. నెదర్లాండ్స్ దేశం నుంచి వచ్చిన క్లెమెంతీన్ పావ్స్ అనే ఆమె 2000వ సంవత్సరంలో దానిని నెలకొల్పింది. రోడ్డు ప్రమాదాలలో గాయపడిన కుక్కలకూ, ఆవులకూ, ఇతర జంతువులకూ అక్కడ చికిత్సా ఆశ్రయమూ దొరుకుతాయి. తిరుపతిలో 1955లో పశువైద్య కళాశాల వెలిసింది. 2005లో అక్కడే శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. మన ఊళ్ళకు వచ్చే పశువైద్యులు చాలామంది అటువంటి చోట్ల చదివినవారే.

మీరు గుర్తుంచుకోవలసినవి

దెబ్బ తిన్న కుక్క మీకు ఎంత మాలిమి అయినా నొప్పితో కరవవచ్చు. వీధికుక్క అయితే అసలు ముట్టుకోవద్దు. పెద్దవాళ్ళకు చెప్పి, వారిచేత 1962 నెంబరుకు ఫోను చేయించండి. పశువైద్య సహాయం దొరుకుతుంది. కుక్క కరిస్తే వెంటనే సబ్బుతో, పారే నీళ్ళకింద పదిహేను నిమిషాలు కడిగి, ఆసుపత్రికి పోయి సూది వేయించుకోవాలి. ఆలస్యం చేయకూడదు, దాచిపెట్టకూడదు.

మనం వాడే నొప్పిమాత్రలు కుక్కకు పెట్టరాదు. మనకు మేలు చేసే మాత్ర దాని ప్రాణం తీయవచ్చు. డాక్టరు చెప్పకుండా ఏ వ్యాయామమూ మొదలుపెట్టవద్దు. ఎముక అతకకముందే వంచితే ఉన్న కాలు కూడా పోతుంది. ఒకరోజు వ్యాయామం చేశాక మరునాడు వాపు కనిపిస్తే, నిన్న చేసింది ఎక్కువైందని తెలుసుకుని తగ్గించాలి.

పిల్లలూ, ఆపరేషను చేయటానికి పెద్ద చదువు కావాలి, ఎక్స్‌రే యంత్రం కావాలి. అది గంట రెండు గంటల్లో అయిపోతుంది. ఆ తరువాత తొంభై రోజులు, పూటకు పది నిమిషాల చొప్పున చేయవలసిన పనికి రెండు చేతులూ, కొంచెం ఓర్పూ ఉంటే చాలు. అవి మీ దగ్గర ఉన్నాయి. మీ ఇంట్లో ఎప్పుడైనా కుక్కకు దెబ్బ తగిలి డాక్టరు కట్టు విప్పే రోజు వస్తే, "ఇక బాగయిపోయింది" అనుకోక, "ఇప్పుడు మేమేం చేయాలండీ?" అని ఆయనను అడగండి.