పిల్లల పక్కన కూర్చున్న లక్ష్మి

మా దివిసీమ వైపు క్లాసులోకి కోతి దూరిందంటే పిల్లలంతా బయటికి పరుగే! కానీ 2019లో అప్పటి కర్నూలు జిల్లా ప్యాపిలి మండలం వెంగళాంపల్లి బడిలో ఏమైందో తెలుసా? ఓ కొండముచ్చు దర్జాగా వచ్చి పిల్లల మధ్య కూర్చుంది. మర్నాడూ వచ్చింది. వాళ్లతోనే తిండి, ఆటలు. పిల్లలు లక్ష్మి అని పేరు కూడా పెట్టేశారు. పాఠం ఎవరూ వినట్లేదని టీచర్లు తలుపులు మూస్తే, కిటికీలోంచి తొంగిచూసేదట!

వీడియోలు వైరల్ అయ్యాయి. కోతుల్ని తరమడానికి కొండముచ్చుల్ని తెచ్చుకునే ఊళ్లున్న చోట ఇది వింతే మరి. అయితే కొండముచ్చు ఆకులూ కాయలూ తింటూ గుంపులో బతికే అడవి జంతువు. బెదిరితే కరుస్తుంది కూడా. ఆ వీడియోల్లో పిల్లల మధ్య ఉన్నది లక్ష్మి ఒక్కతే. మరి దాని గుంపు ఏమైనట్టు?