వార్తల్లో పదం: సామాజిక బంధం

మనకు ఎంతమంది తోడున్నారు? ఆపదలో ఎవరు ఆదుకుంటారు? ఆ సంబంధాలు ఊరటనిస్తున్నాయా, చిరాకు పెడుతున్నాయా? ఈ మూడూ కలిస్తే సామాజిక బంధం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ‘సోషల్ కనెక్షన్’ అంటోంది.

ఎందుకు వార్తల్లోకి?
2025 మే నెలలో ఆ సంస్థ సభ్యదేశాల వేదిక అయిన ప్రపంచ ఆరోగ్య సభ దీనిపై తొలిసారి తీర్మానం చేసింది. సామాజిక బంధంపై ఆ సంస్థ వేసిన కమిషన్ జూన్ 30న ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం వేధిస్తోంది. దానివల్ల ఏటా 8.71 లక్షలకు పైగా మరణాలు సంభవిస్తున్నాయని అంచనా. గుండెజబ్బు, పక్షవాతం, మధుమేహం, కుంగుబాటు ముప్పు కూడా పెరుగుతుంది.

మన దగ్గర?
సిద్దిపేట జిల్లా హుస్నాబాద్ సంగతే చూద్దాం. వాన, పంట ధర, అప్పు ఇక్కడి రైతింటిని వదలని దిగుళ్లు. వాటిని తట్టుకునే బలం ఊరికి కొత్తేమీ కాదు. బతుకమ్మ పండుగ రోజుల్లో వాడలోని ఆడవాళ్లంతా ఒక్కచోట చేరి ఆడిపాడతారు, ఫలహారం పంచుకుంటారు. పొదుపు సంఘం సమావేశంలో కిస్తీతో పాటు ఇంటి కష్టసుఖాలూ మాటల్లోకి వస్తాయి.

అలవాటు ఎలా?
పండుగ ఏడాదికోసారే. పలకరింపు రోజూ ఉండాలి. ఫోన్ పక్కన పెట్టి ఇంటివాళ్లతో కలిసి తినాలి. వారం రోజులుగా కనిపించని పొరుగువారి తలుపు తట్టాలి. సాయం చేసినట్టే, అవసరమైతే అడగాలి కూడా.

అయినా దిగులు వీడకపోతే మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం. రేయింబవళ్లు తెలుగులోనే మాట్లాడవచ్చు.